కడసీ మాట

గాంధీపురంలో అక్కా నేనూ పళని బస్సెక్కాం. డ్రైవరు వెనక, మాకు ఎదురుగా ఉన్న సీటులో ఒకామె కూర్చుంది. చెవులు వినపడనివాళ్ల పాసు చూపించి, కండక్టరు అడిగినదానికల్లా తమిళంలో టకటకా జవాబు చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆమెకు తెలుగైతే రాదుగా అన్న ధీమాతో అక్కతో గట్టిగానే అన్నాను.

"దీనికేం చెవుడు? పాసుకోసరం అంతా నాటకం."

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది.

"మా ఇంట్లోనూ తెలుగే అక్కా. నాకు చెవి వినదు, నోరు చూసి తెలుసుకుంటా. కడసీ మాట మాత్రం సరిగ్గా కనబడలా. ఇంకోతూరి చెప్పండి."

పళని కొండ కనబడేదాకా ఎదురెదురుగానే కూర్చున్నాం. ఆ చివరి మాట మళ్లీ అనడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు.