కచేరీ గుమ్మంలో నల్ల కంబళి

సమస్త జనులకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పొల్లాచి సత్రంలో పోసే చారులో చింతపండును కళ్ళారా చూసినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇక అసలు సంగతి. తొలివాన పడిన మర్నాడే సర్కారు బంట్లు ఉడుమలైపేట పక్కనున్న మా ఊరికొచ్చి, దండు మూటలు లాగడానికని మా చెన్నమ్మక్క దుక్కిటెద్దులను తోలుకుపోయారు. మొగుడు లేని మనిషి. నల్లరేగడి పదును పది రోజులు నిలవదు. ఆలోగా విత్తనం పడకపోతే ఏడాదంతా పస్తే. అందుకే అక్క, ఊరిపెద్ద బొమ్మయ్య తాత, నేను, మరో పదిమందీ కోయంబత్తూరు కచేరీకి బయలుదేరాం.

తొలికోడి కూతకు బండి కడితే మధ్యాహ్నానికి పొల్లాచి, మర్నాడు పొద్దుగుంకేసరికి కోయంబత్తూరు. సత్రంలో మనిషికొక దుడ్డు. మూడోనాటి పొద్దున అర్జీ ఇస్తే కచేరీ శిరస్తాదారు చదవకుండానే పెట్టెలో పడేశాడు.

"దొరగారు నీలగిరి మీదున్నారు. వచ్చే నెల రండి."

"వచ్చే నెల నా చేను నీవు దున్నుతావా, సామీ?" అంది అక్క.

బంట్లు బయటికి గెంటారు. మావాళ్ళేమో "సరి, పోదాం పదండి" అంటూ బండ్ల వైపు నడిచారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటి దగ్గర మేక తగవుకైనా నల్ల కంబళి పరిచి తీర్పుకు కూర్చునే జాతి మాది. దాని మీద పెద్దా చిన్నా లేదు, ఆడదైనా తన మాట చెప్పుకుంటుంది. తాత భుజం మీది కంబళి లాగి గుమ్మానికి అడ్డంగా పరిచాను.

"ఏమిరా, ఈడనా?"

"ఈడనే తాతా. కూసో."

అందరం కూర్చున్నాం. ఎండ నెత్తికెక్కింది. శిరస్తాదారుకు ఆకలేసి, మమ్మల్ని దాటిపోదామని కంబళి మీద కాలు పెట్టాడు.

"అయ్యయ్యో సామీ! తీర్పు చెప్పకుండా కంబళి దిగినోడి ఇంట పాడి వట్టిపోతుంది!" అని అరిచాను.

"నిజమా ముసలాయనా?"

తాత నా వైపు ఒక చూపు చూసి, తల ఊపాడు. శిరస్తాదారు తిట్టుకుంటూ మా మధ్యనే చతికిలబడ్డాడు. కాసేపటికి అక్క ఎద్దులను విడిచిపెట్టమని చీటీ రాసిచ్చి, అన్నానికి పరుగెత్తాడు.

మనల్ని అడిగి వచ్చిన దొరతనం కాదిది. అడగందే మన మాట వినదు. అర్జీని పెట్టెలో పడేయగలరు, గుమ్మంలో కూర్చున్న మనిషిని పడేయలేరు. కచేరీకి వెళ్ళేవాళ్ళు సద్దిమూట కట్టుకోండి, కంబళిని మాత్రం వాళ్ళ భోజనాల వేళకు ముందే పరవండి.

ఒక్కటి ఒప్పుకోవాలి. పాడి వట్టిపోతుందన్న మాట అప్పటికప్పుడు నేనల్లిన అబద్ధం. ఖర్మేమిటంటే, ఇప్పుడు దాన్ని మా ఊరే నమ్ముతోంది. ఒక మేక తగవుకు నిన్న పొద్దున కూర్చున్నాం, తీర్పు తెగలేదు, ఎవ్వడూ లేవనివ్వడం లేదు. ఇదంతా ఆ కంబళి మీద కూర్చునే రాస్తున్నాను.