నలుగురు చూసిన పెండ్లి

సిరిసిల్లలో మా పక్కింట్లో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే పెద్దమ్మ ఉండేది. ఏ ముచ్చట మొదలుపెట్టినా చివరికి ఒక్క మాట దగ్గరికే వచ్చేది: "నలుగురు చూసిందే పెండ్లి, బిడ్డా."

ఆమెది మారుమనువు. మొదటి భర్త పోయాక, మగ్గం నడిపే ఒకాయన కులపెద్దల ముందు చీర పెట్టి ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. పందిరి వేయలేదు, ఫొటో తీయలేదు. ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా కలిసే బతికారు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో చౌరస్తాలోని దీక్షా శిబిరంలో ఓ మధ్యాహ్నం పెండ్లిళ్ల రిజిస్ట్రేషన్ మీద వాదన లేచింది. సర్కారు రాసుకుంటేనే ఆడదానికి దిక్కన్నాడు ఓ ప్లీడరు. పెద్దమ్మ ఊరుకోలేదు. "సర్కారొచ్చి తలువాల బియ్యం పోస్తదా, సారూ?" శిబిరమంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలమే పెద్దమ్మ భర్త పోయాడు. నేతపనివాడు చనిపోతే భార్యకిచ్చే సాయం కోసం ఆమెను ఆఫీసుకు నేనే తీసుకెళ్లాను. అక్కడి సారు చెడ్డవాడు కాదు, కుర్చీ కూడా వేయించాడు. "నలుగురు చూస్తే సాలదమ్మా, కాయితం గావాలె. కాయితం లేకుంటే పెండ్లి అయినట్టు గాదు," అన్నాడు మెల్లగా. ప్లీడరు మాటే నిజమైంది. నాకు ఆ నిజం మీదే కోపం వచ్చింది.

పెద్దమ్మ బోసి చేతులు రెండూ బల్ల మీద పెట్టింది.

"పెండ్లే కాకుంటే, మొన్న నా గాజులెందుకు పలగ్గొట్టిన్రు, సారూ? గది గూడ నలుగురు చూసిన్రు."