బిందెల హాజరు

ముంబైలో మా కామాటిపుర చాల్‌లో, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత మేడలో, అంతస్తుకొక నల్లా ఉండేది. దాని ముందు మనుషులు వరుస కట్టేవారు కాదు, బిందెలు కట్టేవి. బిందె పెట్టి ఎక్కడికి పోయినా ఆ చోటు ఆ మనిషిదే. పక్కవాళ్ల బిందెను జరిపారో, ఆ రోజంతా తిట్లు తినాల్సిందే. మా అవ్వ ఆ తిట్లలో ఆరితేరిన మనిషి.

నా చిన్నప్పుడు ఒక వేసవిలో నీళ్ల వేళ మార్చేశారు. పొద్దున వచ్చే నీళ్లు మధ్యాహ్నం రావడం మొదలైంది. ఆ వేళకు అమ్మా, చాల్‌లోని చాలామంది ఆడవాళ్లూ ఎక్కడో ఇటుకలు మోస్తూ ఉంటారు. నీళ్ల కోసం ఆగితే పని పోతుంది, పనికి పోతే ఇంట్లో చుక్క నీరుండదు. ఆ దిగులుతో అమ్మకు అన్నం కూడా సయించేది కాదు.

మా వార్డు నగరసేవకుడు, అదే కార్పొరేటర్, మన తెలుగాయనే. ఫాక్‌లాండ్ రోడ్డులోని తన ఆఫీసులో నీళ్ల గురించి సభ పెట్టాడు, అదీ మధ్యాహ్నమే! అవ్వ మండిపడింది. ఆ పొద్దున పనికి పోయే ఆడవాళ్లందరినీ మెట్ల దగ్గర ఆపి, "మీరు పోండ్రి, మీ బిందెలు ఇడ్సి పోండ్రి" అంది.

మధ్యాహ్నం అవ్వా, ముసలివాళ్లూ, బడి సెలవుల్లో ఉన్న మేమూ ఆ బిందెలన్నీ మోసుకెళ్లాం. ఆయన బల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా అవ్వ వాటిని వరుసగా పెట్టించింది. నీళ్లు పట్టుకోవడానికి వచ్చామనుకుని ఆయన, పాపం, ట్యాంకర్ పిలిపిస్తానన్నాడు.

"ట్యాంకరెందుకు బిడ్డా? టైమ్ మార్పియ్యి. బిందె ఉన్నదంటే మనిషున్నట్టే. గీళ్లంత పన్ల ఉన్నరు. ఓట్లకు ఒక్కొక్కల ఇంటి ముంగట నిలవడ్తివి గద, ఇప్పుడు బిందె ముంగట నిలవడు."

ఆయన నవ్వలేదు. లేచి వరుస వెంట నడుస్తూ ఏది ఎవరిదో అడిగాడు. అమ్మది సొట్టబిందె. అడిగినప్పుడు సిగ్గేసింది, మా అమ్మదేనని చెప్పాక మాత్రం గర్వంగా అనిపించింది. కొద్దిరోజులకే నీళ్లు మళ్లీ పొద్దున రావడం మొదలైంది. ఓటేసి ఊరుకుంటే చాలదని నాకు ఏ పాఠమూ అంత బాగా చెప్పలేదు.

ఇప్పుడు గదికో నల్లా. అవ్వా లేదు, అమ్మా లేదు. ఆ తిట్లు కూడా లేవు. ఒక్కసారి వినిపిస్తే బాగుండునని ప్రాణం లాగుతుంది. మధ్యలో కొన్నేళ్లు ఎన్నికలే జరగక నగరసేవకుడే లేడు. ఫోన్‌లో ఫిర్యాదు పెడితే పరిష్కరించామని జవాబొచ్చేది, నల్లాలో మాత్రం గాలి బుస్సుమనేది. ఈమధ్య ఎన్నికైన ఆవిడ నీళ్ల గురించి సభ పెట్టింది. మళ్లీ మధ్యాహ్నమే!

నాకు ఒళ్లు మండింది. అమ్మ సొట్టబిందెను అటక మీంచి దించి కడుగుతుంటే, పక్కగదిలో అద్దెకుంటున్న పాలమూరు అమ్మాయి పనికి పోతూ ఆగింది. అవ్వలా సభకు బిందె మోసుకెళ్తున్న సంగతి చెప్పాను. లోపలికెళ్లి తన ప్లాస్టిక్ బిందె తెచ్చి, గుమ్మంలోనే తటపటాయించింది.

"నాకీడ ఓటు లేదక్కా. ఊర్లనే ఉన్నది. పెట్టొచ్చునా?"

"నీళ్లు ఈడనే తాగుతున్నవ్ గద," అన్నాను. "పెట్టు."

ఆమె తన బిందెను అమ్మ బిందె పక్కన పెట్టి పనికి వెళ్లిపోయింది.