దర్జీ అక్క కొలతల పుస్తకం

ముప్పై ఏళ్లుగా ఆ వీధివాళ్లకు బట్టలు కుడుతున్న దర్జీ అక్క తన పుస్తకంలో పేర్లు రాసుకోదు. కొలతలు చూస్తే చాలు, మనిషెవరో చెప్పేస్తుంది. అద్దెదారుల సంఘానికి జెండాలు కుట్టిందీ ఆమే. అద్దెలు పెంచొద్దన్న పాపానికి ఉగ్రవాద చట్టం కింద ఆ సంఘాన్ని ప్రభుత్వం నిషేధించింది. మర్నాడే ఇన్‌స్పెక్టర్ దుకాణానికొచ్చి పుస్తకం లాక్కున్నాడు.

“ఇందులో ఉన్నవాళ్లంతా సంఘం మనుషులే. ఎవరెవరో చెప్పు.”

తాటాకు చప్పుళ్లకు బెదిరే రకం కాదు అక్క. చేతిలో కత్తెర కూడా కింద పెట్టలేదు.

“అలాగే సార్. చివరి పేజీ తీయండి. మెడ పదహారు, నడుము నలభై నాలుగు. పోయిన నెల యూనిఫాం ప్యాంటు వదులు చేయించుకున్నారుగా, అది మీరే. మీతోనే మొదలెట్టమంటారా?”