క్యాబేజీ ఆకుకి కొలతలు

మా అత్తగారు జాకెట్లు కుడతారు. ఎవరినైనా ముఖం కంటే ముందు భుజాలతో గుర్తుపడతారు. లోకంలో ఎవరికి ఏ బాధొచ్చినా, ఎక్కడో కుట్టు బిగుసుకుందనే ఆవిడ అనుమానం.

కాన్పయ్యి ఇంటికొచ్చిన మర్నాడే నాకు పాలు ఒక్కసారిగా పడి రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. గుడ్డ తగిలితే ప్రాణం పోయేది. పాప నోరు పెడుతుంది, పట్టు దొరక్క జారిపోతుంది, గుక్కపట్టి ఏడుస్తుంది. దానితోపాటు నేనూ. ఇక లాభం లేదు, డబ్బా పాలు తెస్తానని మావారు చెప్పులేసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. పాపకి నా పాలే పట్టాలని నా పంతం.

అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, చంక కింద కుట్టు విప్పితే సర్దుకుంటుందన్నారు. విప్పారు కూడా. వదులైంది జాకెట్టు, నేను కాదు.

అదృష్టం కొద్దీ బాలింతల్ని చూడటానికి ఇంటింటికీ తిరిగే నర్సమ్మ అప్పుడే వచ్చింది. పాలిచ్చే ముందు కాసేపు వేడి గుడ్డ వెయ్యమంది. తర్వాత చేత్తో కొంచెం పాలు తీసేస్తే చనుమొన చుట్టూ మెత్తబడి పాపకి పట్టు దొరుకుతుందంది. పాప తాగాక చల్లటి క్యాబేజీ ఆకు పెట్టుకోమంది. జ్వరమొస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి రావాలని చెప్పి పక్కింటికి వెళ్లింది.

ఇక చూడాలి మా అత్తగారి హడావిడి. తడి తువ్వాలు బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టెతో వేడి చేశారు, అంచులు కలిపి మడతపెట్టి మరీ. ముందు తన చెంపకి ఆనించుకుని చూసి, అప్పుడు నా మీద వేశారు. తర్వాత మామగారు కూరకి తెచ్చుకున్న క్యాబేజీని ఫ్రిజ్‌లోంచి తీసి, ఆకు మీద టేపు పెట్టారు. సుద్దగీత పడకపోతే ఆకునే తిట్టారు. కుడికొకటి, ఎడమకొకటి, మధ్యలో గుండ్రంగా బెజ్జం, కింద జాకెట్టుకి వేసినట్టే రెండేసి డార్టు మడతలు. మామగారు గుమ్మంలో నిలబడి, మిగిలిన ముక్కలైనా తనకిస్తారా అని అడిగారు.

పాలు తియ్యబోయి చనుమొన పట్టుకుని లాగాను.

"లాగకమ్మా. నొక్కి వదులు, నొక్కి వదులు. మిషను తొక్కినట్టు," అన్నారు అత్తగారు.

చుక్కలు రాలాయి, తర్వాత ధార. పాపని దగ్గరికి తీసుకున్నాను. ఒకసారి జారింది. రెండోసారి గట్టిగా పట్టేసుకుంది. గుటకల చప్పుడు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

అత్తగారు కత్తెర పక్కన పెట్టారు. "వీడు పుట్టినప్పుడు నాకెవరూ ఇలా చెప్పలేదు. గట్టిగా గుడ్డ బిగించి కట్టేశారు. వారానికల్లా పాలు పోయాయి," అన్నారు. తర్వాత, ఇంకా చెప్పులతోనే నిలబడ్డ కొడుకు వైపు తిరిగి, "నువ్వు ఆ చెప్పులు విప్పు," అన్నారు.

పాప తాగి నిద్రపోయాక ఆకులు తనే పెట్టి, నా భుజం సర్ది, జాకెట్టు తొడిగిన ప్రతి ఆడమనిషినీ అడిగే మాటే నన్నూ అడిగారు.

"ఎక్కడైనా బిగుతుగా ఉందా?"

లేదన్నాను. అయినా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఇంకోసారి అడిగారు.