ఎర్ర చుక్క పెట్టిన ర్యామ్ ముక్క

శుక్రవారం ఉదయం ఎనిమిదింబావుకి ల్యుబింక కంప్యూటరు, వాటిని బాగుచేసే రదిసావ్ బల్ల మీదికి మూడోసారి వచ్చింది. చలికి దుప్పటి చుట్టి, చక్రాల సంచీలో కూర్చోబెట్టి, చంటిపిల్లాణ్ణి ఆస్పత్రికి తెచ్చినట్టు తెచ్చింది ఆమె. దుప్పటి విప్పితే, పెట్టె నెత్తిన ఆమె అల్లిన తెల్ల లేసు గుడ్డ చెక్కుచెదరకుండా ఉంది.

రదిసావ్ తీగలు తగిలించి మీట నొక్కాడు. అది చక్కగా లేచింది. అరగంట ఆడించాడు. చక్కగా ఆడింది.

"ఏముంది దీనికి? గుర్రంలా ఉంది," అన్నాడు.

"నీ కొట్లో కొత్తల్లుడిలా బుద్ధిగా కూర్చుంటుంది కూమే. నా దగ్గరికొస్తే పావుగంటకోసారి మూర్ఛపోతుంది."

ల్యుబింక పెళ్ళిలో పక్కన నిలబడి సాక్షి సంతకం చేసినవాడు రదిసావ్. అలాంటివాణ్ణి కూమ్ అంటారు, పిలిచేటప్పుడు కూమే; ఆడమనిషైతే కూమా. ఆ చుట్టరికం ముందు రక్తసంబంధం కూడా దిగదుడుపే. కూమ్‌తో పోట్లాడకూడదు, నలుగురిలో కూమ్ పరువు తీయకూడదు. అందుకే డిసెంబరులో అతను రెండుసార్లు బాగుచేసి పంపినా, రెండుసార్లూ అది బాగుపడకపోయినా, ల్యుబింక నోటిదాకా వచ్చిన మాటలు మింగి ఊరుకుంది. మొదటిసారి అతను కరెంటు డబ్బా మార్చాడు. రెండోసారి దుమ్ము ఊది, కీబోర్డులోంచి అక్రోటు పెంకులు తీశాడు.

ల్యుబింక వృత్తి చావు కాగితాలు అచ్చువేయడం. పిరోట్ ఊళ్ళో ఎవరు పోయినా నల్ల అంచు కాగితం మీద ఫొటో, పేరు, ఖననం వేళ వేసి స్తంభాలకీ, బజారు గేటుకీ, బస్టాండు గోడకీ అంటిస్తారు. పొద్దున్నే రొట్టెకి బయల్దేరిన పెద్దవాళ్ళు ముందు ఆ కాగితాలు చదివి, అందులో తాము లేమని రూఢి చేసుకుని, అప్పుడు రొట్టె కొంటారు.

కిందటి నెల తొదోర్ అనే పెద్దమనిషి పోయినప్పుడు, పదమూడు గంటలకి, అంటే మధ్యాహ్నం ఒంటిగంటకి, జరగాల్సిన ఖననం కాగితంలో పదకొండని పడింది. జనం రెండు గంటలు మంచులో నిలబడ్డారు. పూజారి ఒంటిగంటకి తీరిగ్గా వచ్చేసరికి బాకా ఊదేవాడి పెదవులు బాకాకి అతుక్కుపోయి ఉన్నాయి. తాను పదమూడే కొట్టానని ల్యుబింక ఒట్టేసింది. యాభై దాటిన ఆడమనిషి ఒట్టు కన్నా యంత్రం మాటకే ఊళ్ళో విలువెక్కువ. ల్యుబింకకి చూపు పోయింది అన్నారు.

ఇప్పుడు వితొమిర్ పోయాడు. నలభై ఏళ్ళు పావురాల సంఘానికి అధ్యక్షుడు. శనివారం పదమూడు గంటలకి ఖననం. ఆయన భార్య స్తనోయ్క నిన్ననే వచ్చి చెప్పింది. "రేపు పదకొండింటికి వస్తా. ఒక్క అంకె తేడా వచ్చినా పట్నం, నీష్ వెళ్ళి వేయించుకుంటా. ఊరంతా నా వెనకే వస్తుంది." ఊరు వెళ్ళడం ఖాయమని ల్యుబింకకి తెలుసు. స్తనోయ్క రొట్టె కొనే కొట్టు మారిస్తే పాత కొట్టు మూతపడింది.

"నా కంప్యూటరులో వేసిస్తాలే," అన్నాడు రదిసావ్.

"నా పెద్ద ప్రింటరు ఈ పెట్టెతో తప్ప ఇంకోదానితో మాట్లాడదు. తెలియనట్టు అడుగుతావేం?"

"ఈ రోగం ఎప్పట్నించి?"

"చెప్పాగా. నవంబరులో మా స్లావా అయినప్పట్నించి."

స్లావా అంటే ఇంటి దేవుడి పండగ. ఆ రోజు ఇంటినిండా జనం, బల్లనిండా తిండి. "తాగినవాడెవడో అందులో వైను ఒలకబోసి ఉంటాడు," అని తేల్చాడు రదిసావ్. "పద. ఈసారి అది నా దగ్గర ఉండదు. నేనే దాని దగ్గరికొస్తా."

రదిసావ్‌కి అరవై ఒకటి. ఇరవై ఆరేళ్ళు టైర్ల ఫ్యాక్టరీలో కరెంటు పని చేసి, ఆ విభాగం మూసేశాక ఈ కొట్టు పెట్టాడు. పిరోట్ వాళ్ళు పిసినార్లని దేశమంతా జోకులేస్తుంది. అది అపవాదు అంటాడతను. "మేం పిసినార్లం కాదు, మాకు పారేయడం చేతకాదు, అంతే." కొట్లో పొయ్యి ఉంది. బేరం వస్తే వెలిగిస్తాడు, బేరం వెళ్ళగానే ఆరనిస్తాడు. కోటు, బొచ్చు టోపీ తీయకుండా పనిచేస్తాడు. గోడ పొడుగునా మిరపకాయ పచ్చడి సీసాలు, వాటినిండా మరలు, ఫ్యాన్లు, ఊడదీసిన ముక్కలు. భార్య జగోర్క గోళ్ళరంగు తెచ్చి ప్రతి ముక్కకీ గుర్తు పెడతాడు. ఒక చుక్క అంటే అనుమానం, రెండు చుక్కలంటే చావు. ఒక చుక్క సీసాలు పదకొండయ్యాయి. రెండు చుక్కల సీసా ఇంతవరకూ ఖాళీయే.

ల్యుబింక కొట్టు కొలిమిలా ఉంది. కట్టెల పొయ్యి భగభగమంటోంది, కిటికీలు బిగించి ఉన్నాయి, తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి కుక్కి ఉంది. సందుగాలి భయం. పిరోట్‌లో పెద్దవాళ్ళు పోయేది సందుగాలికే. గుండెపోటు అని రాయడం డాక్టర్ల మొహమాటం.

కంప్యూటరు ఇరవై నిమిషాలు పనిచేసి నీలం తెర వేసింది. లేపితే ఈసారి ప్రింటరు మీద నెపం పెట్టి పడిపోయింది. మూడోసారి ఫొటో మీద. రదిసావ్ ఆ మూడు నెపాలనీ సిగరెట్ పెట్టె మీద రాసుకుని చూశాడు. ఒకేచోట నొప్పి అంటే పన్ను పుచ్చినట్టు. రోజుకోచోట నొప్పి అంటే రక్తంలో ఉంది రోగం. కంప్యూటరుకి రక్తం లాంటిది ర్యామ్. ఏ పని చేసినా అందులోంచే పోవాలి.

పెట్టె నెత్తిన లేసు గుడ్డ తీశాడు. కింద తూట్ల జల్లెడ.

"ఇదెందుకు కప్పావు?"

"దుమ్ము పడకుండా."

"వేడి బయటికి పోయే దారి ఇది."

"తూట్లు చూడ్డానికి బాలేవు కూమే."

ర్యామ్‌లో ప్రతి గదిలోనూ ఏదో రాసి, తిరిగి చదివి, రాసిందే చదివానా లేదా అని చూసుకునే పరీక్ష ఒకటి పెట్టాడు. తన కొట్లో ఇదే పరీక్ష రెండుసార్లు పెడితే ఒక్క తప్పూ రాలేదు. ఇక్కడ పది నిమిషాలకి తెరనిండా ఎర్ర గీతలు పరుచుకున్నాయి. సంతలో జేబుదొంగ చెయ్యి దొరికినట్టు సంబరపడ్డాడు రదిసావ్.

"వేడి! వేడెక్కితే తప్పులు చేస్తోంది. నా కొట్లో చలి కాబట్టి దొరకలేదు."

"అయితే కిటికీ తీయనా?"

రదిసావ్ కిటికీ వంక చూశాడు, తలుపు వంక చూశాడు, తన మెడ తడుముకున్నాడు. "పిచ్చా ఏమన్నా?"

లోపల ర్యామ్ ముక్కలు రెండున్నాయి. ఒకటి ఊడదీసి, మిగిలినదాన్ని ల్యుబింక జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి కొట్టి పరీక్షించాడు. తప్పు లేదు. దాన్ని తీసి రెండోది పెట్టాడు. రెండు నిమిషాల్లో ఎర్ర గీతలు. తప్పు ప్రతిసారీ ఒకే తీరుగా ఉంది. రదిసావ్ సిగరెట్ పెట్టె వెనక్కి తిప్పి లెక్క వేశాడు.

"ఇటు చూడు. లోపల ప్రతి అంకె ఎనిమిది దీపాల వరస. కొన్ని వెలుగుతాయి, కొన్ని వెలగవు. మూడుకి వెలిగే దీపాల్లో ఈ ఒక్కటి ఆరిందనుకో, అది ఒకటవుతుంది. ఈ ముక్కలో ఆరిపోతున్నది సరిగ్గా ఆ దీపమే. నువ్వు పదమూడు కొట్టావు, ఇది చివరి మూడుని ఒకటి చేసి పదకొండు చేసింది."

ల్యుబింక కుర్చీలో కూలబడింది. మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని, తొదోర్ చుట్టాలందరినీ వరసపెట్టి తిట్టింది. "నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!"

"నిక్షేపంగా ఉన్నాయి," అంటూ రదిసావ్ ఆ ముక్కని ఊడదీసి వెలుతురులో తిప్పాడు. వెనకవైపు, మూల, ఎర్ర చుక్క ఒకటి ఉంది. జగోర్క గోళ్ళరంగు.

అతనికి అంతా ఒక్కసారిగా తెలిసొచ్చింది. మూడేళ్ళ కిందట మందులకొట్టు కంప్యూటరులోంచి ఊడదీసిన ముక్క ఇది. తన చల్లటి కొట్లో ఎన్ని పరీక్షలు పెట్టినా నెగ్గింది. అయినా అనుమానంతో చుక్క పెట్టి సీసాలో వేశాడు. నవంబరులో స్లావాకి పిలుపొస్తే, వైను పట్టుకెళ్ళమంది జగోర్క. వైను తాగడానికి పనికొస్తుంది. ఈ ముక్క ఊరికే పడుంది. రిబ్బను కట్టి పట్టుకెళ్ళాడు. "వేగం పెరుగుతుంది కూమా," అని తన చేత్తోనే పెట్టె విప్పి తగిలించి, మూడు పళ్ళేల సాసేజ్ తిని ఇంటికొచ్చాడు.

బొటనవేలు మెల్లగా చుక్క మీదికి జరిపాడు. ల్యుబింక ఆ వేలు చూసింది. లేచి కాఫీ పెట్టడానికి పోయింది.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా చేతికర్ర చప్పుడైంది. స్తనోయ్క లోపలికొచ్చి, ముందు తలుపు మూసి, తువ్వాలు సందులోకి కర్రతో నెట్టి, అప్పుడు నోరు తెరిచింది.

"ఊఁ, ఎన్నింటికి పాతిపెడుతున్నారు మా ఆయన్ని ఈసారి?"

"పదమూడుకే అత్తా. యంత్రంలో ఓ ముక్క చెడిందట. తీసేశాడు," అంది ల్యుబింక.

"ముక్కట! కళ్ళజోడు మార్చుకోవే అంటే ముక్క మార్చిందట." స్తనోయ్క నవ్వింది. "నీష్‌లో అక్షరాలు కూడా పెద్దవి వేస్తారట."

ల్యుబింక నోరు తెరిచి, రదిసావ్ వంక చూసి, మూసేసింది. ఆ చూపు అతనికి గుచ్చుకుంది. ఇప్పుడు తను ఊరుకుంటే ఊరు ఆమె కళ్ళనే అంటుంది. నోరు విప్పితే తన కొట్టుని అంటుంది.

"కళ్ళు కాదత్తా, ముక్కే. చెడ్డ ముక్క," అన్నాడు.

"ఏ వెధవ అమ్మాడు?"

"అమ్మలేదు. ఇచ్చాడు."

"ఎవడు?"

"నేనే."

"ఎప్పుడు?"

"స్లావాకి."

స్తనోయ్క కర్ర గోడకానించి కూర్చుంది. తొదోర్ ఖననానికొచ్చిన జనాన్ని మంచులో నిలబెట్టిన పాపం ఆమె మనసులోంచి అప్పుడే ఎగిరిపోయింది. అంతకన్నా ఘోరం దొరికింది.

"కొత్తదేనా?"

రదిసావ్ ముక్కని మెల్లగా జేబులోకి జారవిడిచాడు.

"వాడిందా? ఒరే, స్లావాకి వాడిన వస్తువు పట్టుకెళ్ళావా?"

"రిబ్బను కొత్తదే అత్తా."

"రిబ్బను మాదే," అంది ల్యుబింక. అంతసేపూ మింగినది ఇక ఆగలేదు. "అంతకు ముందేడు నీ స్లావాకి మేం తెచ్చిన సీసాకి కట్టింది."

వితొమిర్ పోయాక మొదటిసారి స్తనోయ్క కడుపుబ్బా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "అచ్చెయ్యవే," అంది.

ఒక్క ముక్కతో కంప్యూటరు నెమ్మదిగా నడిచింది గాని పడిపోలేదు. ఎనభై కాగితాలు వచ్చాయి. భుజం మీద పావురంతో వితొమిర్, కింద పదమూడు గంటలు. స్తనోయ్క ఎనభైనీ వేలు పెట్టి చదివి, కలం తీసి రదిసావ్ ముందు పెట్టింది.

"ఈమె అంకెల్ని ఊరు నమ్మకుండా చేసింది నువ్వు. కాబట్టి కింద రాయి. 'వేళ నేను చూశాను, పదమూడే' అని. పేరు కూడా పెట్టు."

"ఎనభైకీనా?"

"ఎనభై ఒకటోది ఇంట్లో అద్దం పక్కన పెట్టుకుంటా."

రదిసావ్ రాశాడు. రాసి, జిగురు డబ్బా పట్టుకుని ఊరంతా తనే అంటించాడు. బజారు గేటు దగ్గరికి వచ్చేసరికే కబురు అతని కన్నా ముందు చేరింది. "రదిసావ్, స్లావాకి ఎక్కడికైనా వెళ్తున్నావా? ఒకసారి నమిలిన సాసేజ్ ఉంది, ఇవ్వనా?" అని కేకేశాడు మాంసం కొట్టువాడు.

సాయంత్రం కొట్టుకొచ్చి, ముక్క మీద రెండో చుక్క పెట్టాడు. రెండు చుక్కల సీసా మూత తీసి, కాసేపు ఆలోచించి, మళ్ళీ మూత పెట్టాడు. చల్లటి చోట అది నిక్షేపంగా పనిచేస్తుంది కదా. తన కంప్యూటరు విప్పి అందులో తగిలించుకున్నాడు.

శనివారం ఖననం సరిగ్గా పదమూడు గంటలకి జరిగింది. ఎనభై సంతకాలు చదివి కూడా, ఎందుకైనా మంచిదని పదకొండుకే వచ్చి నిలబడినవాళ్ళు ముప్ఫై ఏడుగురు.