తప్పులు కలిపి రాసిన కాగితాలు

ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఫుట్‌పాత్ మీద అనపకాయలు కుప్పలు పోసే రోజులివి. ఆఫీసు నుంచి వస్తూ ఒక సంచీడు తెచ్చి, ఇంట్లో పాత పేపరు పరుచుకుని ఒలవడం మొదలుపెడితే వేళ్లకు ఆ పచ్చి వాసన అంటుకుంటుంది. ఆ వాసనకు నాకు కూర గుర్తుకు రాదు. పదో తరగతి సైన్సు గుర్తొస్తుంది, అది మా బడిలో చెప్పిన సరోజినీ టీచర్ గుర్తొస్తారు.

ఆమెది భీమవరం వైపు. భర్త ఉద్యోగరీత్యా వచ్చి సైదాబాద్‌లో మా సందులోనే ఉండేవారు. మాది పోచంపల్లి దగ్గరి మగ్గాల ఊరు. నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌గా చేరాడు. పరీక్షల ముందు సాయంత్రాలు నేను, నా దోస్తు యాదగిరి టీచర్ వరండాలో కూర్చునేవాళ్లం. ఆమె అనపకాయలు ఒలుస్తూ మమ్మల్ని ప్రశ్నలు అడిగేవారు. నాన్న తన మాట ముందే చెప్పేశాడు. ఒక్కసారిలో పాసైతే ఇంటరు, తప్పితే తనతో పాటు షాపు. షాపంటే నాకు భయం లేదు. చదువు రానివాడిగా అక్కడికి వెళ్లడమే భయం.

మొదటి సాయంత్రం నా పుస్తకం గర్వంగా చూపించాను. పేజీ పేజీకీ మూడు రంగుల గీతలు.

“మూడు రివిజన్లు అయిపోయినయి టీచర్.”

“వీని పుస్తకం హోలీ ఆడింది టీచర్,” అన్నాడు యాదగిరి.

ఆమె నవ్వి, “సరే, మూసెయ్. గుండెలోకి వచ్చిన రక్తం ఎటు నుంచి ఎటు వెళ్తుందో చెప్పు,” అన్నారు.

కుడి కర్ణిక దాకా వెళ్లి ఆగిపోయాను. పేజీ కళ్ల ముందే ఉంది, ఎక్కడ పచ్చరంగు గీశానో కూడా తెలుసు. ఆ గీత కింద ఏముందో మాత్రం గుర్తు రాలేదు.

“చదివిన టీచర్. యాదికొస్తలేదు.”

“చూస్తూ చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి శీనూ. మూసి చెప్పినప్పుడే ఏది రాలేదో తెలుస్తుంది. అక్కడి నుంచి చదువు.”

ఆమె పద్ధతి ఇది: ఇంట్లో పాఠం చదివాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయాలి. రానిచోట ఖాళీ వదలాలి. తర్వాత పుస్తకం తెరిచి ఆ ఖాళీల సంగతి మాత్రమే చూసుకోవాలి. ఆ కాగితాన్ని బట్టి ఆమె మర్నాడు అడిగేవారు. మధ్యలో వేరే పాఠాలు నడిపి, కొన్ని రోజులు పోయాక హఠాత్తుగా మళ్లీ అదే అడిగేవారు. మరిచిపోబోయే వేళకు గుర్తు చేసుకుంటేనే నిలుస్తుందనేవారు. యాదగిరి కాగితాలు చిల్లుల దుప్పటిలా ఉండేవి, వాడికి సిగ్గనిపించేది కాదు. నాకు బాగా చదువుతాడన్న పేరుంది. అందుకని ఇంట్లో పుస్తకం పక్కనే పెట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో చూసి రాసేవాణ్ణి. అనుమానం రాకుండా ఒక చిన్న తప్పు, ఒక ఖాళీ నేనే కల్పించేవాణ్ణి. ఆ తప్పు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించినంతగా పాఠం గురించి ఆలోచించి ఉండను.

ఆమె నమ్మారు. “ఇవి నీకు వచ్చేశాయిరా,” అని నన్ను ఆ పాఠాలు అడగడం మానేసి యాదగిరి మీద పడ్డారు. ప్రీఫైనల్లో వాడు గట్టెక్కాడు. నేను సైన్సులో తప్పాను.

ఆ సాయంత్రం నాన్న నన్ను వెంటబెట్టుకుని టీచర్ ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“టీచరమ్మా, దాచకుండ చెప్పుండ్రి. వీనికి చదువు ఎక్కుతదా లేదా? ఎక్కదంటే ఇప్పుడే సేటుతోటి మాట్లాడి షాపుల పెట్టిస్త. ఊకె పరేషాన్ ఎందుకు?”

ఆమె నా వైపు చూశారు. “వాడికేమండీ, ఎక్కుతుంది. పొరపాటు నాది. కొన్ని పాఠాలు వచ్చేశాయనుకుని మళ్లీ అడగలేదు. ఇంకా టైముంది, నాకు వదిలెయ్యండి.”

దారిలో నాన్న, “అంత పెద్దామె పొరపాటు నాదంటున్నది. నీకు సమజైతుందా?” అన్నాడు. తలూపాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు.

మర్నాటి నుంచి ఆమె ఎదుటే కూర్చుని రాశాను. మొదటి కాగితం సగానికి పైగా ఖాళీ. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆమే తీసుకుని చూసి, “హమ్మయ్య, ఎక్కడ మొదలుపెట్టాలో ఇప్పుడు తెలిసింది,” అన్నారు. అది ఎగతాళి కాదు, నిజంగానే ఆమెకు పని సులువైంది. ఖాళీలు మెల్లగా తగ్గాయి, కొన్ని మొండిగా ఉండిపోయాయి. పరీక్షల్లో గొప్ప మార్కులేమీ రాలేదు గానీ పాసయ్యాను.

ఫలితాల రోజు మిఠాయి పట్టుకుని, అంతా చెప్పేద్దామనే వెళ్లాను. “టీచర్, అప్పటి కాగితాలు…” అన్నానో లేదో, “చూసి రాసినవేగా,” అన్నారు. ప్రీఫైనల్ పేపరు దిద్దుతుంటేనే తెలిసిపోయిందట.

“మరి నాయినతోటి పొరపాటు మీదన్నరు గద?”

“అబద్ధమేం చెప్పలేదురా. నా దగ్గర చదువుకునే పిల్లాడు నాకు ఖాళీ కాగితం ఇవ్వడానికి భయపడ్డాడు. యాదగిరి తప్పు చెబితే నవ్వేదాన్ని. నువ్వు చెబితే ‘నువ్వు కూడానా’ అనేదాన్ని. ఆ భయం నేను పెట్టిందే.”

తర్వాత వాళ్లు భీమవరం వెళ్లిపోయారు. కొన్నేళ్లకు ఆమె చనిపోయిన కబురు యాదగిరి ఫోనులో చెప్పాడు.

ఇప్పుడు మా అమ్మాయి పదో తరగతి. టీచర్ పద్ధతే దానికీ నేర్పాను. పోయిన వారం నేను గదిలోకి వెళ్లగానే, రాస్తున్న కాగితానికి మోచెయ్యి అడ్డం పెట్టింది.

“ఎందుకు దాస్తున్నవ్ బిడ్డా?”

“సగం గూడ రాలే డాడీ. మార్కులు తగ్గితేనే నీ ముఖం మారిపోతది.”

పద్ధతి ఒక్కటే నేర్చుకున్నానన్నమాట, ఆమె దగ్గర. పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరికీ చెప్పని నా కాగితాల కథ మొదటిసారి చెప్పాను. అది పకపకా నవ్వింది. “తప్పులు గూడ నువ్వే పెట్టేటోనివా? మస్తు కష్టపడ్డవ్ గదా డాడీ.”

నవ్వుతూనే మోచెయ్యి తీసింది. ఎదుటివాళ్ల ఖాళీని చూసి ముఖం మార్చుకోకుండా ఉండడం నాకింకా సులువుగా రాదు. పిల్ల నా ముఖం వైపు ఒకసారి పరీక్షగా చూసి, కాగితం నా ముందుకు జరిపింది.